తాబేలుకు స్నానం

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున అక్క వచ్చింది. గుమ్మం దాటిందో లేదో ముక్కు ఎగబీల్చి, "ఏమే, ఇంట్లో ఎలుక గాని చచ్చిందా?" అంది. నాకు చర్రుమంది. "నిన్న సాయంత్రమే ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ కూడా పెట్టింది మా రోబో" అన్నాను, కాస్త గొప్పగానే. "అయితే కంపు దానిదే" అనేసింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు మాట్లాడుతుంది, ఎప్పుడూ అంతే. అరగంట కూర్చుని వెళ్లిపోయింది గాని ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

గట్టిగా పీల్చి చూశాను. ఏమీ తెలియలేదు. మన ముక్కు అంత నమ్మదగింది కాదు. ఒకే వాసనలో కాసేపు ఉంటే చాలు, దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అందుకే ఎవరింటి వాసన వాళ్లకు తెలియదు. బయటికి పోయి ఓ పావుగంట అటూ ఇటూ తిరిగి వచ్చి తలుపు తీశాను. అప్పుడు కొట్టింది ముఖాన. అక్క చెప్పింది నిజమే. ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

ఏ వాసనో తేల్చుకోవడానికి కాసేపు అక్కడే నిలబడ్డాను. ముక్కిపోయిన గుడ్డ వాసన ఒకటుంది. ఆరకుండానే మడత పెట్టేసిన తువ్వాలు వాసన అది. దాని అడుగున పులిసిన వాసన ఇంకొకటి. ఎక్కడో సన్నగా, వెంట్రుక నిప్పుకు తగిలినట్టు కమురు వాసన. మూడు వాసనలంటే మూడు కారణాలుండాలి కదా అనుకున్నాను. మామూలుగా అయితే నేనింత ఓపికమంతురాలిని కాను, అక్క మీద పంతం అలా చేయించింది.

మా రోబోకు చిన్నాడు పెట్టిన పేరు తాబేలు. దాన్ని ఆన్ చేసి, అది హాల్లో తిరుగుతుంటే వెనకాలే మోకాళ్ల మీద పాకుతూ వాసన చూశాను. (ఈ దృశ్యం ఆయన కంటపడింది. ఫోటో తీయలేదని ప్రమాణం చేశారు. నేను నమ్మలేదు.) గాలి బయటికొదిలే సందు దగ్గర ముఖం పెడితే కడుపులో తిప్పింది. ఆలోచిస్తే అందులో వింతేముంది? అది లోపలికి పీల్చిన గాలంతా చెత్తలోంచి, ఫిల్టర్లోంచి దూరి బయటికి రావాల్సిందే. ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది గాని వాసనను ఆపదు. అంటే కంపును మూలన పెట్టుకుని కూర్చోకుండా గది గదికీ మోసుకెళ్లి పంచుతోంది మా తాబేలు. రోజూ, చెప్పిన టైముకు, ఠంచనుగా.

ఆపేసి, పాత పేపర్లు పరిచి, వెల్లకిలా తిప్పాను. కొన్నాక దాని పొట్ట సరిగ్గా చూడటం బహుశా ఇదే మొదటిసారి.

మొదట కమురు సంగతి తేలింది. మధ్య బ్రష్ ఊడదీస్తే రెండు చివర్లలో వెంట్రుకలు చుట్టుకుపోయి గట్టి కట్టలా తయారయ్యాయి. నా వెంట్రుకలే, పొడుగును బట్టి తెలుస్తోంది. కత్తెర దూరలేదు. కుట్లు విప్పే చిన్న కొక్కేనికి కూడా ఒక పట్టాన లొంగలేదు. లోపలి పొరలు రుద్దుకుని రుద్దుకుని బిరుసెక్కి, ఒకచోట కాస్త కరిగినట్టు మెరుస్తున్నాయి. బ్రష్ తిరగలేక మోటారు పెనుగులాడుతుంటే పుట్టిన వేడి అది. వెంట్రుకల్లో గంధకం ఉంటుంది, అందుకే అవి వేడెక్కితే ఆ కమురు వాసన వస్తుంది. ముందుండే చిన్న చక్రాన్ని కూడా లాగి చూశాను. ఇరుసు చుట్టూ ఇంకో కట్ట. అది తడిసి, మురికి పట్టి, నల్లగా, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. ఇక వర్ణించను.

వాసన ప్లాస్టిక్కో వైరో కాలినట్టున్నా, ఘాటుగా రసాయనంలా ఉన్నా, బ్యాటరీ వైపు ఉబ్బినట్టో విపరీతంగా వేడిగానో ఉన్నా కడగడాలూ తుడవడాలూ పెట్టుకోకూడదు. ఛార్జింగ్ నుంచి తీసేసి, వాడటం ఆపి, సర్వీసు వాళ్లకు చూపించాలి. లిథియం బ్యాటరీతో ఆటలొద్దు. అదృష్టం, మాది వట్టి వెంట్రుకల గొడవ.

రెండోది గుడ్డ. తుడిచాక దాన్ని అలాగే డాక్‌లో, అంటే తాబేలు పని అయ్యాక వచ్చి నిలబడే పెట్టెలో, వదిలేసి పడుకోవడం మాకు అలవాటు. తడి గుడ్డలో మురికి ఉండగా రాత్రంతా మూసి పెడితే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పాలా? ఉతికిన బట్టల్లోంచి వచ్చే ముక్క వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. అది ఎండినా అంత తేలిగ్గా చావదట. అందుకేనేమో, ఆరినప్పుడు బాగానే ఉన్న గుడ్డ మళ్లీ తడి తగలగానే కంపు మొదలెడుతుంది. 2002లో రూంబా అనే ఊడ్చే రోబో వచ్చిన కొత్తలో ఈ యంత్రాలు పొడి చెత్తే ఊడ్చేవి. వాటికి నీళ్లు అంటగట్టాకే మనకీ సుఖమూ, ఈ కంపూ రెండూ వచ్చాయని నా అభిప్రాయం.

డాక్ వెనక మురికినీళ్ల ట్యాంకు మూత తీశాను. వెంటనే మూసేశాను. ఊపిరి బిగబట్టి మళ్లీ తీశాను. అడుగున బూడిదరంగు జిగురు, గోడలకు పాచి. నాలుగు రోజుల నీళ్లు అలాగే ఉన్నాయి. "ట్యాంకు నిండినప్పుడు అదే చెబుతుందిగా" అన్నారు ఆయన. నిండితే చెబుతుంది. కుళ్లితే చెప్పదు.

ఇంతా చేశాక కూడా ఆ పులిసిన వాసన ఎక్కడిదో అర్థం కాలేదు. చెత్త డబ్బా తీసి దులిపాను. అంచున రబ్బరు తలుపు ఉంటుంది, పీల్చిన చెత్త వెనక్కి రాలకుండా. దాని మడతలో దుమ్మంతా అట్టకట్టి పసుపు తెలుపు పెంకులా అతుక్కుపోయింది. గోటితో గీకితే పొరగా లేచింది. వాసన చూశాను. పాలు.

"చిన్నా!"

వాడు వచ్చాడు. నా చేతిలోని డబ్బా వైపు చూడకుండా సీలింగ్ వైపు చూశాడు. దాంతో సగం తెలిసిపోయింది. మిగతా సగం బతిమాలితే చెప్పాడు. బుధవారం గ్లాసు దొర్లి పాలు ఒలికాయట. నేను తిడతానని, "తాబేలే తుడిచేస్తుందిలే అమ్మా అని..." బటన్ నొక్కి దాని మీదికి తోలాడట. పాపం అది తన పని తాను చేసింది. కింద ఉన్నది నీళ్లో పాలో దానికేం తెలుసు, పీల్చేసింది. పాలు డబ్బాలోకి, అక్కణ్నుంచి ఫిల్టర్ మడతల్లోకి. నాలుగు రోజులుగా మేమంతా ఆ గాలే పీలుస్తున్నాం. తిడదామనే నోరు తెరిచాను గాని వాడి ముఖం చూసి నవ్వొచ్చింది. తుడవడానికి ఒకణ్ని పెట్టుకున్నామని వాడికి నేర్పింది మేమే కదా.

ఆ తర్వాత మధ్యాహ్నమంతా కడుగుడు పనే. ఆయన ఒక సెంటు సీసా పట్టుకొచ్చి నీళ్ల ట్యాంకులో నాలుగు చుక్కలు వేద్దామన్నారు. వద్దన్నాను. నూనెలుండే సెంట్లు లోపలి రబ్బర్లనూ పంపునూ పాడు చేస్తాయి, పైగా కంపు మీద సెంటు చల్లితే రెండూ కలిసి మూడోది పుడుతుంది. పోనీ వంటసోడా నేల మీద చల్లి దీనితోనే పీల్పిద్దామన్నారు. అంత మెత్తటి పొడి ఫిల్టర్ రంధ్రాల్లో కూరుకుపోతుంది. బ్లీచూ వెనిగరూ కలిపి ట్యాంకులో పోద్దామన్నప్పుడు మాత్రం గట్టిగానే అరిచాను, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ తర్వాత ఆయన నోరు మూసుకుని వెంట్రుకలు కత్తిరించే పనిలో కూర్చున్నారు. బాగా చేశారు కూడా.

డబ్బాలోంచి ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లతో డబ్బా కడిగాను. రబ్బరు మడతను పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. మోటారు ఉన్న వైపు మాత్రం పొడి గుడ్డే. ట్యాంకు మూడుసార్లు కడిగి మూత తీసి బోర్లించాను. డాక్ కింద పళ్లెంలో గట్టిపడిన మురికి స్పూనుతో గీకితే గాని రాలేదు. మాప్ గుడ్డలు వేడినీళ్లలో, కంఫర్ట్ లాంటివేవీ వేయకుండా ఉతికి ఎండలో ఆరేశాను. ఆ మెత్తదనం ద్రవాలు పీచు మీద పొరలా పట్టి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది.

ఫిల్టర్ కడగొచ్చని మాన్యువల్లో ఉంది. అన్ని ఫిల్టర్లూ కడిగేవి కావు, చూసుకోవాలి. ఉత్త నీళ్ల కింద పెట్టి మెల్లగా తట్టాను. మొదట బూడిదరంగు, తర్వాత తెల్లగా, పలచగా. పాలే. ఇరవై నాలుగు గంటలైనా ఆరాలట. తడిగా ఉండగా బిగిస్తే మళ్లీ అదే కథ. కిటికీలో నిలబెట్టాను.

సాయంత్రం చిన్నాడు తాబేలు ఇంకా వెల్లకిలా ఉండటం చూసి దిగులుపడ్డాడు. "దానికి ఊపిరాడుతుందా?" అని అడిగాడు. చీపురు చేతికిచ్చి, ఇవాళ తాబేలు నువ్వే అన్నాను. హాలు మధ్యలో గుండ్రంగా తిరిగి, గోడకు గుద్దుకుని, వెనక్కి మళ్లి, అచ్చం దానిలాగే ఊడ్చాడు. మూలలు వదిలేశాడు, అదీ దానిలాగే.

ఇప్పుడే మళ్లీ ఓసారి బయటికెళ్లి వచ్చి వాసన చూశాను. హాలు బాగుంది. డబ్బా బాగుంది. గుడ్డల్లో సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఫిల్టర్ దగ్గర మాత్రం, ముక్కు ఆనించి పీలిస్తే, ఇంకా బుధవారమే. మడతల లోపలికి దిగిన పాలు నీళ్లకు వదిలేలా లేవు. కొత్త ఫిల్టర్‌కు ఆర్డర్ పెట్టేశాను.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. రేపు మాట్లాడతాను.