పెల్లెట్ స్టవ్ మొరాయించిన వారం: నా అనుభవం

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో మేం కొన్న ఇంటి హాల్లో పాతవాళ్లు వదిలి వెళ్లిన పెల్లెట్ స్టవ్ ఉంది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన సన్నటి ముక్కలే పెల్లెట్లు. వాటిని తొట్టిలో పోస్తే, ఆగర్ అనే పొడవాటి స్క్రూ తిరుగుతూ మంట గిన్నెలోకి కొద్దికొద్దిగా తోస్తుంది. 40 పౌండ్ల బస్తా మాకు సుమారు ఒక రోజుకు వచ్చేది.

రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడో ఏడు జనవరిలో మంట తీరు మారింది. నారింజ రంగులో పొడుగ్గా, నీరసంగా ఊగేది. సాయంత్రానికే అద్దం నల్లగా మసిబారేది. బయట మైనస్ 15 డిగ్రీలున్న ఒక రాత్రి, వెలిగిన కాసేపటికి పెల్లెట్లు పడటం ఆగిపోయి స్టవ్ ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆరింది. ఇంట్లో చిన్నపిల్ల ఉండటంతో టెన్షన్ పట్టుకుంది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే రెండు వారాల దాకా కుదరదన్నాడు, పెల్లెట్లకు నిప్పంటించే ఇగ్నైటర్ పోయి ఉండొచ్చన్నాడు. తెప్పించి మార్చాను. ఏమీ మారలేదు. నిజానికి ప్రతిసారీ మంట అంటుకుంటూనే ఉంది. అంటే ఇగ్నైటర్ తన పని చేస్తోందన్నమాట. ఆ మాట ముందే ఆలోచించి ఉంటే డబ్బూ, రెండు రోజులూ మిగిలేవి.

దారి చూపింది మా అమ్మ. వీడియో కాల్‌లో మంట చూసి, "పొట్టు పొయ్యి కూరేటప్పుడు నడిమధ్య సీసా ఎందుకు పెట్టేవాళ్లం నాన్నా? అది తీసిన కంతలోంచి గాలి ఆడాలి. ఆ కంత కూలితే పొగే. నీ పొయ్యికి గాలి అందట్లేదు చూడు" అంది. ఇదీ పొట్టే కదా, అనిపించింది.

స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసేసి విప్పడం మొదలుపెట్టాను. మంట గిన్నె అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. సగానికి పైగా బూడిద కరిగి గట్టిపడిన చిట్టెంతో మూసుకుపోయాయి. స్క్రూడ్రైవర్‌తో చెక్కి, ఒక్కో రంధ్రాన్నీ మేకుతో పొడిచాను. కాసేపు బాగా మండింది, అరగంటకు మళ్లీ ఆరింది.

అప్పుడు మాన్యువల్ పట్టుకుని కూర్చున్నాను. పొగను బయటకు లాగే ఫ్యాన్ వల్ల మంట గదిలో కొంచెం వాక్యూమ్, అంటే బయటికన్నా తక్కువ గాలి ఒత్తిడి, ఏర్పడుతుంది. దాన్ని ఒక చిన్న స్విచ్ కనిపెడుతూ ఉంటుంది. వాక్యూమ్ తగ్గితే పొగ ఇంట్లోకి రాకుండా ఆగర్‌ను ఆపేస్తుంది. కాబట్టి ఆగర్ చెడిపోలేదు, ఆ స్విచ్ మమ్మల్ని కాపాడుతోంది. ఇది అర్థమయ్యాక వెతకాల్సింది పొగ దారి అని తేలింది.

మంట గది వెనక పలకలు ఊడదీస్తే వాటి వెనక మెత్తటి బూడిద గోడ కట్టినట్టుంది. గొట్టం బయట మలుపు దగ్గరి మూత తీస్తే చెంబెడు బూడిద జారిపడింది. స్విచ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు ట్యూబ్‌ను ఊడదీసి శుభ్రం చేశాను. దాన్ని స్విచ్‌కి తగిలించి ఉంచి ఊదకూడదు, స్విచ్ పాడవుతుంది. బూడిద తీయడానికి మామూలు వాక్యూమ్ క్లీనర్ అసలు వాడొద్దు. బూడిదలో దాగిన నిప్పు కణిక చాలాసేపు చావదు. బూడిదకని చేసినదే వాడాలి, తీసినదాన్ని మూతున్న ఇనుప బకెట్‌లో ఇంటి బయట ఉంచాలి.

చివరగా స్టవ్ తలుపు అంచున రబ్బరులా కనిపించే తాడు సీలు చూశాను. కాగితం పెట్టి తలుపు మూసి లాగాను. కింది మూలలో కాగితం సులువుగా వచ్చేసింది, అంటే అక్కడ సీలు బిగువుగా లేదు. కొత్త తాడు వేశాను.

ఆ రాత్రి మంట పొట్టిగా, తెల్లటి పసుపు రంగులో చురుగ్గా లేచింది. అమ్మకు చూపించాను.

తర్వాతి వారం ఆగర్ ఒకసారి ఇరుక్కుంది గానీ కారణం వెంటనే దొరికింది. గ్యారేజీలో నేల మీద పెట్టిన బస్తా అడుగు చెమ్మ తగిలి, పెల్లెట్లు ఉబ్బి పొట్టుగా మారాయి. ఇప్పుడు బస్తాలు చెక్కల మీద పెడుతున్నాను. గిన్నె రోజూ గీకుతాను, ఒక టన్ను, అంటే 50 బస్తాలు కాలగానే పొగ గొట్టం విప్పుతాను. స్టవ్ ఉన్న గదిలోనూ, పాప గది బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాను.