గోటితో ఒలిచిన బియ్యం

మా పెద్దమ్మ కుడిచేతి బొటనవేలి గోరు నడిమికి చీలి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా ఎందుకని ఎప్పుడూ అడగలేదు. మొన్న శ్రీరామనవమికి ముందు ఆవిడతో కలిసి భద్రాచలం వెళ్లొచ్చాక, ఆ గోరు గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా కోరుకొండ వైపు కొన్ని ఊళ్లలో ఒక అలవాటుంది. రాములవారి పేరు చెప్పుకుని విత్తనం చల్లి, ఆ పంట వడ్లను పండుగకు నెలల ముందే ఇంటింటికీ పంచుతారు. తీసుకున్నవాళ్లు వాటిని మిల్లుకు పంపరు, రోట్లో దంచరు. ఒక్కో గింజనూ గోటితో ఒలుస్తారు. ఆ బియ్యమే భద్రాద్రి రాముడి కల్యాణానికి తలంబ్రాలుగా వెళ్తాయి. పెద్దమ్మ ఏటా కిలోన్నర వడ్లు తీసుకుంటుంది. గేదె పాలు పితికి, పెదనాన్నకి అన్నం పెట్టి, వంటిల్లు తుడుచుకున్నాక వీధి అరుగు మీద చాట ముందు పెట్టుకుని కూర్చుంటుంది. టీవీ పెట్టదు. పక్కింటావిడ వస్తే మాట్లాడుతుంది గానీ చెయ్యి మాత్రం ఆగదు.

ఈ సంక్రాంతికి సెలవు పెట్టి వెళ్లినప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. బ్యాంకులో పని చేసేదాన్ని కదా, లెక్క వేయకుండా ఉండలేను. వెయ్యి వడ్ల గింజలు పాతిక గ్రాములకు అటూ ఇటూగా తూగుతాయి. ఆ లెక్కన కిలోన్నర అంటే అరవై వేల గింజలు. గింజకి నాలుగు సెకన్లు వేసుకున్నా అరవై గంటలు దాటుతుంది. ఆ మాటే పెద్దమ్మతో అంటే, "గంటలెందుకే? ఈ గింజ ఒలిచావా లేదా, అంతే" అంది.

ఒలవడం చూసినంత తేలిక కాదు. వడ్ల గింజ కొసన గోరు ఆనించి పొట్టు చీల్చాలి. ఏమాత్రం ఎక్కువ నొక్కినా లోపలి గింజ పుటుక్కున విరుగుతుంది. గంటలో నేను గుప్పెడు కూడా తీయలేదు, అందులోనూ చాలా విరిగిపోయాయి. పెద్దమ్మ వాటిని ఏరి పిచ్చుకలకు వేసేసింది. "విరిగితే నూక. విరక్కపోతేనే అక్షత" అంది. క్షతం కానిది అక్షత. పెళ్లిళ్లలో వేలసార్లు తల మీద వేయించుకున్న మాటకి అర్థం నాకు ఆ రోజే తెలిసింది. కుండలో పడే బియ్యానికీ దేవుడి తల మీద పడే బియ్యానికీ రంగులో, రుచిలో, జాతిలో తేడా ఏమీ లేదు. విరక్కుండా బయటికి రావడం ఒక్కటే తేడా.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వ్యాన్‌లో పద్నాలుగు మందిమి. గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాం. చింతూరు మీదుగా మధ్యాహ్నానికి భద్రాచలం చేరాం. మలుపు మలుపుకీ వ్యాన్ ఊగుతుంటే నాకు కడుపులో తిప్పింది. ఆడవాళ్లంతా పసుపు గుడ్డల్లో కట్టిన బియ్యం మూటల్ని ఒళ్లోనే పెట్టుకున్నారు, దారి పొడవునా ఒక్కరూ కింద పెట్టలేదు. టీ తాగడానికి దిగినప్పుడు కూడా ఒకరి మూట ఇంకొకరు పట్టుకున్నారు. పసిపిల్లల్ని అందించుకున్నట్టే.

గోదావరిలో స్నానం చేసి కొండెక్కి దర్శనం చేసుకున్నాం. భద్రాద్రి రాముడికి నాలుగు చేతులు. శంఖం, చక్రం, విల్లు, బాణం. ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు. లోపల నిలబడనిచ్చింది కాసేపే అయినా ఆ కాసేపులో నేను ఏమీ కోరుకోలేకపోయాను. ఒళ్లంతా తేలికైపోయింది.

తర్వాత రామదాసు చేయించిన నగలు చూశాం. చింతాకు పతకం ముందు జనం కదలడం లేదు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ము గుడికి ఖర్చు పెట్టి, తానీషా చేతిలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడని చెబుతారు. ఆయన పాటలు వింటూ పెరిగినదాన్ని. అసాధారణమైన మనిషి అంటే నా మనసులో ఇన్నాళ్లూ ఆయన బొమ్మే. అంత పెద్ద కష్టం, అంత పెద్ద గుడి.

కానీ ఆ రోజు నా మనసు పోకల దమ్మక్క దగ్గరే ఆగిపోయింది. గోపన్న కంటే ముందు ఈ దేవుణ్ణి చూసింది ఆవిడ. పరగణా లేదు, పదవి లేదు, శిస్తు సొమ్ము లేదు. అడవి పల్లెలో ఉండే కోయ స్త్రీ. కలలో రాముడు కనబడి చెప్పాడని, పుట్ట మీద గోదావరి నీళ్లు పోసి కరిగించి విగ్రహాలు బయటికి తీసిందని స్థల పురాణం. పందిరి వేసి, దగ్గర్లో తాటిచెట్టు నుంచి రాలిన పళ్లు నైవేద్యం పెట్టేదట. పుట్ట కరగడానికి ఎన్ని కడవలు పోసి ఉంటుందో! ఏటి నుంచి పుట్టకి, పుట్ట నుంచి ఏటికి. నీళ్లు మోయడం ఆ పల్లెలో ప్రతి ఆడదీ రోజూ చేసే పనే. ఆవిడ మోసిన కడవా అలాంటిదే, నీళ్లూ అవే. పుట్ట కరిగేదాకా మానలేదు, అదే ఆవిడ దగ్గర ఉన్న విశేషం. నా మటుకు నాకు చెరసాల కంటే ఆ కడవలే పెద్దవిగా అనిపించాయి. ఇలా అంటే రామదాసుని తక్కువ చేసినట్టు కాదు. ఆయన ఉండి ఉంటే ముందు దమ్మక్కకే దండం పెట్టేవాడని నా నమ్మకం.

సాయంత్రం మూటలు నెత్తిన పెట్టుకుని రామనామం చెప్పుకుంటూ గుడి చుట్టూ తిరిగాం. తర్వాత బియ్యం అప్పగించాం. భద్రాచలంలో తలంబ్రాలకు పసుపుతో పాటు గులాల్ కూడా కలుపుతారు, అందుకే ఎర్రగా ఉంటాయి. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తాయి. అది తానీషా కాలం నుంచీ వస్తున్న ఆచారమంటారు. మా మూటలు విప్పి ఒక్కొక్కరూ రాశి మీద పోస్తున్నారు. పెద్దమ్మ వంతు వచ్చింది. మూడు నెలల రాత్రులు ఒక్క నిమిషంలో ఆ రాశిలోకి జారిపోయాయి. ఏది ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు. నాకు గొంతు పట్టేసింది.

"మనవి ఏవో ఇక తెలీదు కదా పెద్దమ్మా" అన్నాను.

"కలిసిపోవాలనే కదే తెచ్చింది" అంది. ముఖంలో వెలితి అన్నదే లేదు. అరుగు మీద చాట దులిపి లోపలికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మెట్లు దిగి కిందికి వచ్చేశాం. ఆవిడ మోకాళ్లు అప్పటికే పట్టేశాయి, ప్రతి మెట్టుకీ నా భుజం పట్టుకుంటోంది. వ్యాన్ దగ్గర నిలబడి పసుపు గుడ్డ మడత పెడుతుంటే అంచు కుట్టులో ఏదో తగిలినట్టుంది. గోటితో మెల్లగా లాగింది. ఒక బియ్యపు గింజ. వీధి దీపం వెలుతురులోకి చెయ్యి చాపి అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు కొసలూ ఉన్నాయి, ఎక్కడా విరగలేదు.

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. లోపల అందరూ ఎక్కి కూర్చున్నారు.

"రెండు నిమిషాలు ఆగమని చెప్పవే" అని, గింజని అరచేతిలో మూసుకుని పెద్దమ్మ మళ్లీ మెట్ల వైపు నడిచింది.