వరద తర్వాత దారులు తట్టని నెలలు: నా అనుభవం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు, పుట్టి పెరిగిన ఊళ్లోనే నాకు దారులు సరిగ్గా తట్టలేదు. నేను మెడికల్ రెప్‌ని. ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ మధ్య గవర్నరుపేట, సూర్యారావుపేట సందుల్లో ఏ క్లినిక్కుకి ఎటు నుంచి వెళితే తొందరగా చేరతామో ఆలోచించకుండానే తెలిసేది. అలాంటిది ఎందుకు తప్పిందో, వైద్యులు ఏమేం చూశారో, ఎలా తేరుకున్నానో వివరంగా రాస్తే ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి పనికొస్తుందని ఈ ప్రయత్నం.

రోజూ వెళ్లే దారిలో వెళ్లినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆ దారి మూసుకుపోతేనే చిక్కు. ఒకరోజు సూర్యారావుపేటలో డ్రైనేజీ పనుల కోసం రోడ్డు తవ్వి అడ్డంగా రేకులు పెట్టారు. నేను వెళ్లాల్సిన క్లినిక్కు ఆ వెనక వీధిలోనే ఉందని తెలుసు, కానీ అందులోకి ఎక్కడ తిరగాలో తోచలేదు. బండికి స్టాండు వేసి చుట్టూ ఉన్న బోర్డులు ఒక్కొక్కటే చదివాను. అన్నీ తెలిసిన పేర్లే. ఏది దేనికి ఎటువైపు ఉందో మాత్రం అందలేదు. మూల మీది మందుల షాపాయన "ఏంటి సార్, మీకు కూడా దారి చెప్పాలా?" అంటూనే బయటికి వచ్చి, చెయ్యి పెట్టి చూపించారు. ఆయన మాటలో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే ఉంది. నాకైతే భయం పట్టుకుంది. మా తాతయ్య చివరి రోజుల్లో సొంత ఇల్లు గుర్తుపట్టలేకపోవడం చిన్నప్పుడు కళ్లారా చూశాను.

మా ఆవిడ పట్టుబట్టి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరుగారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు ఇప్పటికీ చాలా విలువైనదిగా తోస్తుంది. "ఆ దారి తర్వాత గుర్తొస్తుందా అండీ, లేక అసలు గుర్తురాదా?" అన్నారు. ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుంటే ఆ సందు, దాని మలుపు, మలుపులోని వేపచెట్టుతో సహా గుర్తొస్తుందని చెప్పాను. ఆయన అది రాసుకుని, నిద్ర ఎలా ఉందని అడిగారు. చెమ్మ పట్టిన గోడలు, తడిసిపోయిన ఇంటి కాగితాలు, రిపేర్లకు చేసిన అప్పు, తేలని బండి ఇన్సూరెన్సు, వీటన్నిటి మధ్య రాత్రి రెండు మూడు గంటలు కన్నంటితే ఎక్కువని, అందులోనూ వాన చప్పుడైతే లేచి గుమ్మం దగ్గర నీళ్లున్నాయేమోనని చూసి వస్తానని మా ఆవిడే చెప్పింది.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, విటమిన్ బీ12 చూశారు, ఎమ్మారై తీశారు. జ్ఞాపకశక్తి పరీక్షలో గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమన్నారు, వంద నుంచి ఏడేసి తీసివేస్తూ పొమ్మన్నారు, ముందు చెప్పిన ఐదు మాటలు కాసేపయ్యాక తిరిగి చెప్పమన్నారు. అన్నీ సరిగానే వచ్చాయి. మతిమరుపు జబ్బు లక్షణాలేవీ కనిపించలేదనీ, ఎడతెగని ఒత్తిడీ నిద్రలేమీ కలిసి చేస్తున్న పని ఇదనీ చెప్పి, సైకియాట్రిస్టును కూడా కలవమన్నారు.

అప్పుడు ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. మెదడు లోపలివైపు, చెవుల పైభాగానికి దగ్గరగా, రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలబడటానికీ, చోటు తెలియడానికీ అదే ఆధారం. మనం ఒక ప్రత్యేకమైన చోట ఉన్నప్పుడు మాత్రమే చురుగ్గా పనిచేసే కణాలు అందులో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో చూపించారు. దాని పక్కభాగంలో దూరాలనూ దిక్కులనూ గళ్లుగళ్లుగా కొలిచే కణాలున్నాయని మోసర్ దంపతుల బృందం 2005లో తేల్చింది. 2014 నోబెల్ బహుమతి ఈ ముగ్గురికీ వచ్చింది. ఒత్తిడి కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఈ హిప్పోక్యాంపస్‌లోనే చాలా ఎక్కువ. కాసేపటి ఒత్తిడి మనల్ని అప్రమత్తం చేసి పోతుంది. వారాల తరబడి సాగితే, జంతువుల్లో అక్కడి నాడీకణాల కొమ్మలు కురచబడటం కనిపించింది.

నన్ను బాగా పట్టేసింది మాత్రం స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం. కంప్యూటర్‌లో కల్పించిన పట్టణాల్లో దారులు నేర్చుకున్నవారికి, స్వల్పంగా షాక్ తగలవచ్చని బెదురు పెట్టి, ఒకచోటికి వెళ్లమన్నారు. బెదురు లేనివారు దగ్గరి దారి వెతుక్కుంటే, బెదురు ఉన్నవారు అలవాటైన చుట్టుదారినే ఎక్కువగా పట్టుకున్నారు. ముందుచూపుతో దారి ఆలోచించే వేళ వారి హిప్పోక్యాంపస్, నుదుటి వెనక భాగం తక్కువగా పనిచేశాయి. రేకుల ముందు నిలబడిపోయిన నా స్థితికి ఇంతకంటే దగ్గరి వివరణ నాకు మరెక్కడా దొరకలేదు.

చికిత్స నిద్రతో మొదలైంది. కొద్దికాలం మాత్రలు వాడి, డాక్టరుగారు చెప్పినట్టే నెమ్మదిగా తగ్గించాను. అప్పు, ఇన్సూరెన్సు వ్యవహారాలు మా తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. మాత్రలకంటే ఇదే నాకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. ఉదయం నడక తప్పనిసరి అన్నారు. పెద్దవయసువారు ఏడాదిపాటు క్రమం తప్పకుండా నడిస్తే హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగిందని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. నడిచి వచ్చాక ఆ రోజు తిరిగిన వీధులను మా అబ్బాయి రఫ్ నోట్సులో గీసేవాణ్ణి. ముందు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ గీసి, రైలు కట్ట గీసి, తర్వాత రోడ్లు, ఆఖరున సందులు. "నాన్నా, ఇక్కడ వంతెన ఉందిగా" అని వాడు పెన్సిలు లాక్కుని దిద్దేవాడు. తిరిగి ఊరంతా ఒకేసారి మనసుకు కనబడటం ఈ కాగితాల మీదే మొదలైంది. ఎండాకాలం వచ్చేసరికి, రోడ్డు మూసి ఉంటే ఆగకుండానే పక్క సందులోకి తిరగగలిగాను.

వాన భయం మాత్రం అంత తొందరగా పోలేదు. దీనికీ ఒక కారణం చదివాను. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, అదే ఒత్తిడికి హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు తగ్గితే, భయానికి కేంద్రమైన అమిగ్డలాలో పెరిగాయి. ఒత్తిడి ఆపి 21 రోజులు ఊరుకుంటే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలా కోలుకోలేదు. ఎలుకల్లో చూసినదాన్ని మనిషికి యథాతథంగా అన్వయించకూడదని డాక్టరుగారు హెచ్చరించారు. అయినా దారులు తిరిగి వచ్చాయి కాబట్టి భయం కూడా దానంతటదే పోతుందని వదిలేయవద్దన్నారు. అందుకే దారుల కోసం ఆసుపత్రికి వెళ్లడం ఆగిపోయినా, వాన భయానికి కౌన్సెలింగ్ ఇంకా కొనసాగిస్తున్నాను.