పెరటి పిట్టను పిలిచి ఫొటో తీయడం ఎంతవరకు సబబు?

ఎండాకాలంలో పెరట్లో మట్టిమూకుడుతో నీళ్లు పెడితే పికిలిపిట్టలు, గోరింకలు, ఉడుతలు వస్తాయి. వచ్చినవాటిని కిటికీలోంచి ఫొటో తీసుకోవడంలో తప్పేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అదే పెరట్లో, అదే కెమెరాతో, ఆ ప్రాణులకు హాని చేసే పనులు కూడా తేలికగా చేసేయవచ్చు. అందుకే ఏ ఏర్పాటు చేసినా నేను చూసుకునేది ఒకటే: కెమెరాను పక్కన పెట్టేస్తే, దానివల్ల ఆ ప్రాణికి దక్కేది మేలా, కీడా?

నీటి మూకుడు మేలే, అయితే శ్రద్ధ ఉంటేనే. లోతు రెండంగుళాలు మించకూడదు. రోజూ మూకుడు తోమి నీళ్లు మార్చకపోతే దోమలు పెరుగుతాయి, ఒక పిట్ట రోగం మరోదానికి అంటుతుంది. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్ పిట్టలు ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి సోకి భారీగా చనిపోయాయి. పెరళ్లలో గింజలూ నీళ్లూ పెట్టే చోట అవి గుమిగూడడం ఆ జబ్బు పాకడానికి తోడ్పడింది. ఇక ఫొటోలో వెనక పచ్చగా కనబడాలని మూకుణ్ని పొదకు ఆనించి పెడితే, పిల్లికి మాటు మనమే అమర్చినట్లవుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పించడం. తన జాతి కూత వినగానే మగపిట్ట, తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందని భావించి, మేత మాని, గూటి కాపలా వదిలి, లేని శత్రువు కోసం కొమ్మకొమ్మా వెతుకుతుంది. అద్దం పెట్టి తేనెపిట్టను రప్పించడమూ ఇలాంటిదే. మగ తేనెపిట్ట తన ప్రతిబింబాన్నే పోటీదారుగా భ్రమించి ముక్కుతో పొడుస్తూనే ఉంటుంది. ఆ ఆవేశంలో రెక్కల మూలల్లో దాగిన పసుపు, నారింజ ఈకల కుచ్చులు విచ్చుకుంటే ఫొటో అద్భుతంగా వస్తుంది, కానీ పిల్లలకు పురుగులు ఏరుకురావలసిన సమయమూ సత్తువా అక్కడే ఖర్చయిపోతాయి.

గూళ్ల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: పెరట్లో గూడు కనబడితే కెమెరా లోపల పెట్టేయాలి. దర్జీ పిట్ట ఆకుల అంచులకు చిల్లులు పొడిచి, సాలెగూటి దారంతోనో దూదిపోగుతోనో కుట్టి, ఆ సంచిలో గుడ్లు పెడుతుంది. వెలుతురు కోసం అడ్డొచ్చిన ఒక్క ఆకును తుంచినా లోపలికి ఎండ పడుతుంది, కాకికీ జెముడుకాకికీ దారి కనబడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఎర వేయడాన్నీ, పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదిలించడాన్నీ వేట నిర్వచనంలోనే చేర్చింది.

పురుగులపై జాలి చూపేవారు ఇంకా తక్కువ. సీతాకోకచిలుకను కదలకుండా చేయడానికి ఫ్రిజ్‌లో పెట్టి, తరువాత పువ్వు మీద కూర్చోబెట్టి, నీళ్లు చిలకరించి మంచుబిందువులని చూపించేవారున్నారు. అది ఆ ప్రాణికీ, ఫొటో చూసేవారికీ చేసే ద్రోహం.

పిలవదలచుకుంటే మొక్కలు నాటడం మంచిది. మునగ, మందార పూలకు తేనెపిట్టలు వస్తాయి; కరివేపాకు పళ్లకు పికిలిపిట్టలు వస్తాయి. అదే కరివేపాకు మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది; చిన్న గొంగళిపురుగులు పిట్టరెట్టలా కనిపిస్తూ శత్రువుల కంటబడకుండా ఆకు మీదే పెరుగుతాయి. అవి కాసిన్ని ఆకులు తింటాయని మందు కొట్టకుండా ఉండగలిగితే చాలు. అలా తీసిన ఫొటోను పంచుకునేటప్పుడు, పిట్ట వాలింది మనం పెట్టిన నీటి దగ్గరా, మనం నాటిన చెట్టు మీదా అన్నది కింద రాసేయాలి, ఎందుకంటే చూసినవారిలో కొందరు తమ పెరట్లోనూ అదే పద్ధతి పాటిస్తారు.