కింగ్ సెలవు రోజున సినగాగుతో కలిసి సేవ: ఏర్పాట్లలో మా అనుభవం

అమెరికాలో జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 1994లో కాంగ్రెస్ దాన్ని సేవాదినంగా కూడా చేసింది. ఆ రోజుకి సినగాగు (యూదుల ప్రార్థనామందిరం), నల్లజాతివారి చర్చి, మన గుడి కలిసి చేసే పనుల ఏర్పాట్లు మేం చూస్తుంటాం. ఇందులో మనకెందుకు చోటు అని అడిగేవాళ్లకి ఒక్క పేరు చెప్తాం: ఇమ్మాన్యుయెల్ సెల్లర్. 1964 పౌరహక్కుల చట్టాన్ని ప్రతినిధుల సభలో ముందుకు నడిపిన ఈ యూదు సభ్యుడి పేరే 1965 వలస చట్టం మీదా ఉంది. మనవాళ్లకి ఈ దేశం తలుపులు తెరిచింది ఆ చట్టమే.

ముందు తేలాల్సింది వేళ. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా షబ్బత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. నిష్ఠగా పాటించేవాళ్లు రాయరు, బండి నడపరు. ఆదివారం మధ్యాహ్నం దాకా చర్చివాళ్లకి కుదరదు. మిగిలేవి ఆదివారం రెండు తర్వాత, లేదా సోమవారం పొద్దున. సోమవారం బడులకి సెలవే గానీ చాలా కంపెనీలకి ఉండదు. అందుకే పిల్లల పనులు సోమవారం, పెద్దవాళ్లవి ఆదివారం. రోష్ హషానా నుంచి సింహత్ తోరా దాకా, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే యూదుల పండగల కాలంలో, సినగాగులో ఎవరికీ తీరిక ఉండదు, డిసెంబరులో చర్చికి క్రిస్మస్ హడావిడి. అసలు పని జరిగేది నవంబరులోనే.

ఏం చెయ్యాలన్నది సాయం అందుకునే సంస్థ చెప్పాలి, మనం కాదు. ఏం తక్కువపడుతోంది, ఎంత దాచగలరు, ఏ వేళకి తీసుకుంటారు అని అడిగి, జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి. సెలవు రోజున వాళ్ల తలుపే మూసి ఉంటే చేసిన తిండి పాడైపోతుంది. దుప్పట్లు అందరూ ఇస్తారు; ఇల్లు లేనివాళ్ల షెల్టర్లకి సాక్సులు, లోదుస్తులే కరువు.

శాండ్‌విచ్‌లు అడిగితే, 200కి 20 బ్రెడ్లు (ఒక్కోదాంట్లో 20 ముక్కలు), 40 ఔన్సుల పీనట్ బటర్ సీసాలు 6, 30 ఔన్సుల జెల్లీ 5. పీనట్ బటర్ రెండు ముక్కలకీ రాసి, జెల్లీ మధ్యలో పెట్టాలి. లేకపోతే బ్రెడ్ నానిపోతుంది. అన్నిటి మీదా కోషర్ ముద్ర (యూదుల ఆహార నియమాలకి సరిపోతుందన్న గుర్తు) ఉండాలి. ఇంట్లో వండినవి, మన గుడి ప్రసాదమైనా సరే, సినగాగు వంటగదిలోకి తేకూడదు. అక్కడ చిన్నపిల్లల బడి ఉంటే వేరుశనగకే అనుమతి ఉండకపోవచ్చు. అప్పుడు పొద్దుతిరుగుడు గింజల బటర్ కొనాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది గుమ్మం దగ్గర. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగులో కాల్పులు జరిగాక కాపలా గట్టిపడింది, దానికి కారణముంది. కానీ ఆ కాపలా నల్లజాతి అతిథుల్నే ఆపి ప్రశ్నించిందంటే పౌరహక్కుల పేరిట చేసేదంతా అక్కడే చచ్చిపోతుంది. నల్లజాతి యూదులూ ఉన్నారు, సొంత సినగాగులోనే వాళ్లని "మీరెవరి అతిథి?" అని అడగడం ఇంకా ఘోరం. వచ్చేవాళ్ల పేర్లు ముందురోజే కాపలావాళ్లకి ఇస్తాం, మూడు సమాజాల నుంచీ ఒక్కొక్కరిని తలుపు దగ్గర నిలబెడతాం.

పనికి ముందు అరగంట చదువు. ఇద్దరిద్దరు జంటగా, ఆ జంటలో వేర్వేరు సమాజాలవాళ్లు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ పౌరహక్కుల సభలో కింగ్ కంటే ముందు మాట్లాడిన రబ్బీ (యూదు మతగురువు) యోవాకిమ్ ప్రింజ్ ప్రసంగం దీనికి బాగా సరిపోతుంది: నాజీ జర్మనీలో రబ్బీగా పనిచేసిన మనిషి, ద్వేషం కన్నా మౌనమే సిగ్గుచేటన్నాడు. 1965లో అలబామాలోని సెల్మాలో ఓటుహక్కు కోసం కింగ్‌తో నడిచిన రబ్బీ హెషెల్ గురించీ చెప్తాం, అయితే అది "మావాళ్లు సాయం చేశారు" అని యూదులు చెప్పుకునే గొప్పగా మారకుండా చూసుకోవాలి. ఆ ఉద్యమాన్ని నడిపింది నల్లజాతివారే.

ఓటరు నమోదు బల్ల పెడితే అభ్యర్థుల పేర్లు, పార్టీ టోపీలు కనపడకూడదు. మతసంస్థలకున్న పన్ను మినహాయింపు షరతు అది.

దానంలో ఎనిమిది మెట్లు చెప్పిన మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిడీస్, మనిషి తన కాళ్ల మీద తాను నిలబడేలా చెయ్యడాన్ని పైమెట్టు మీద పెట్టాడు. అందుకే జనం వెళ్లిపోకముందే వీటాలో స్వచ్ఛందంగా పనిచేస్తామనేవాళ్ల పేర్ల కాగితం తిప్పుతాం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఉచితంగా పన్ను పత్రాలు నింపిపెట్టే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) కార్యక్రమం ఇది. జనవరి చివర్లో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది. పరీక్ష పాసవ్వాలి, కాబట్టి పేరు ఇచ్చినవాళ్లకి శిక్షణ లింకు ఆ రాత్రే పంపించండి.