డిజిటల్ హెల్త్ ప్రచురణలను లెక్కగట్టడంలో నా అనుభవం

డిజిటల్ హెల్త్, అంటే కంప్యూటర్లు, ఫోన్లు, ఇంటర్నెట్ సాయంతో అందించే ఆరోగ్య సేవలపై పరిశోధన ఎలా పెరుగుతూ వచ్చిందో ప్రచురణల లెక్కతో తేల్చాలని పని మొదలుపెట్టినప్పుడు, అది నెల రోజుల్లో పూర్తవుతుందనే అనుకున్నాను. వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ జాబితా అయిన పబ్‌మెడ్‌లో 'డిజిటల్ హెల్త్' అని వెతికి, ఏడాదివారీగా వచ్చిన సంఖ్యలను ఎక్సెల్‌లో వేసి గ్రాఫ్ గీశాను. చాలా ఏళ్లు నేలబారుగా సాగిన గీత, చివరికి వచ్చేసరికి నిటారుగా లేచింది. దాన్ని చూసి మా గైడ్ ఒకే ప్రశ్న వేశారు: "ఈ పేరు రాకముందు ఈ పని చేసినవాళ్లు దాన్ని ఏమనేవారు?"

ఆ ప్రశ్నతో నా నెల రోజుల పని మళ్లీ మొదటికి వచ్చింది. దూరం నుంచి వైద్యం అందించడంపై పరిశోధన టెలిమెడిసిన్ పేరుతో ఎప్పటినుంచో సాగుతోంది. పబ్‌మెడ్ విషయసూచిక పదాల్లో ఆ మాట 1993లోనే చేరింది. 2000 ప్రాంతంలో ఈ-హెల్త్ అనే మాట వ్యాపించింది, మొబైల్ ఫోన్లతో పాటు ఎం-హెల్త్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానాల్లోనూ ఈ మార్పు కనిపిస్తుంది: 2005 నాటి తీర్మానం ఈ-హెల్త్ గురించి, 2018 నాటిది డిజిటల్ హెల్త్ గురించి. అంటే నా గ్రాఫ్‌లో పెరిగిన దాంట్లో పరిశోధన ఎంతో, పేరు వాడకం ఎంతో విడదీసి చూడకుండా ఏమీ చెప్పలేను. పాత పేర్లన్నీ కలిపి వెతికాక, గీత 1990ల నుంచే మెల్లగా ఎక్కుతూ వచ్చింది.

పేర్లు కలిపితే చెత్త కూడా కలిసింది. వైద్యంలో 'డిజిటల్' అంటే వేలికి సంబంధించినది అని కూడా అర్థం కాబట్టి, వేలి నరాల గాయాల మీద రాసిన వ్యాసాలు నా జాబితాలోకి వచ్చాయి. అన్ని రూపాలూ దొరకాలని పదం చివర నక్షత్రపు గుర్తు పెడితే, గుండె జబ్బులకు వాడే డిజిటాలిస్ మందు మీది వ్యాసాలు వచ్చి చేరాయి. 'మొబైల్ హెల్త్' అంటే ఊరూరా తిరిగే వైద్య వాహనాలూ దొరికాయి. వీటిని ఏరడానికి కొన్ని వందల సారాంశాలను కూర్చుని చదవడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు, ఈ పనిలో అత్యంత విలువైన భాగం అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

పబ్‌మెడ్ వెబ్‌సైట్ ఒక్కో వెతుకులాటకు 10,000 ఫలితాలకు మించి ఇవ్వదు కనుక, ఏడాదికో ముక్కగా దించుకున్నాను. స్కోపస్ అనే మరో వ్యాసాల డేటాబేస్ నుంచి తీసిన జాబితాతో కలిపాక డూప్లికేట్ల పని పడింది. ఒక జంట ఇప్పటికీ గుర్తుంది: ఒకే వ్యాసం, ఒకచోట ఉపశీర్షిక ముందు కోలన్, మరోచోట చుక్క; ఒకదానికి డీఓఐ (వ్యాసాన్ని గుర్తించే ప్రత్యేక సంఖ్య) లేదు; ఆన్‌లైన్‌లో వచ్చింది 2020 డిసెంబరులో, సంచికలో చేరింది మరుసటి ఏడాది. దాన్ని ఏ ఏడాది కింద వేయాలి? కొవిడ్ నాటి పెరుగుదలను కొలిచేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. మొదట వెలువడిన తేదీనే తీసుకుని, అదే నియమాన్ని మొత్తం జాబితాకు వర్తింపజేశాను.

జర్నల్ సమీక్షకుల్లో ఒకరు, వైద్య ప్రచురణలన్నీ పెరుగుతున్నప్పుడు ఒక్క రంగం పెరుగుదలను విడిగా చూపితే ఏం తెలుస్తుందని అడిగారు. పబ్‌మెడ్‌లో ఏటా 10 లక్షలకు పైగా కొత్త రికార్డులు చేరుతున్నాయి. ప్రతి లక్ష వ్యాసాలకు ఎన్ని అని లెక్కగట్టాక గీత వాలు బాగా తగ్గింది గాని, 2020 నాటి పెరుగుదల అలాగే నిలిచింది. అందులో సంపాదకీయాలు, లేఖలు, అభిప్రాయ వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. రోగులపై జరిపిన ట్రయల్స్‌ను విడిగా గీసి చూపాను, ఎందుకంటే ఈ గ్రాఫ్‌ను చూసి ఒక చికిత్స పనిచేస్తుందని నమ్మేవారు ఉంటారు. జర్నల్ ఆఫ్ మెడికల్ ఇంటర్నెట్ రీసెర్చ్ 1999 నుంచి ఉన్నా, ఎన్‌పీజే డిజిటల్ మెడిసిన్ 2018లో, లాన్సెట్ డిజిటల్ హెల్త్ 2019లో మొదలయ్యాయి. అచ్చుకు చోటు పెరగడం కూడా సంఖ్యను పెంచుతుందని వ్యాసంలో రాశాను.

చివరి ఏడాది దగ్గర గీత కిందికి దిగింది. ఆసక్తి తగ్గిందా అని మరో సమీక్షకుడు అడిగారు. రికార్డులు ఇంకా చేరుతూనే ఉన్నాయని వివరించి, ఆ ముక్కను చుక్కల గీతగా మార్చి, వెతికిన తేదీని గ్రాఫ్ కిందే వేశాను. వెతుకులాట సూత్రాన్ని మొత్తంగా, తీసేసిన వ్యాసాల కారణాలతో సహా, అనుబంధంలో ఇచ్చాను.