వాల్‌నట్ కర్రకు ఏ నూనె పట్టించాలి?

బెజవాడ పెయింట్ షాపులో "వాల్‌నట్" అని అడిగితే టేకు మీద పూసే ముదురు స్టెయిన్ డబ్బా ఇస్తారు. అసలు వాల్‌నట్ కర్రకు అది అక్కర్లేదు, చేవ రంగే చాలు. నూనె పట్టాక ఎలా ఉంటుందో ముందే చూడాలంటే, సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) అయ్యాక టర్పెంటైన్ తడిపిన గుడ్డతో ఓసారి తుడవండి. తడి ఆరేలోపు కనిపించేదే దాదాపు ఆ రంగు.

వంటింటి నూనెల జోలికి పోవద్దు. కొబ్బరి, వేరుశనగ నూనెలు ఎన్నాళ్లున్నా గట్టిపడవు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టిస్తాయి. అవిసె నూనె, టంగ్ అనే చెట్టు గింజల నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రకం. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పేరుతో అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరే మందులు కలుపుతారు కాబట్టి అది నయం. దాని పసుపు ఛాయ తెల్లకర్ర మీద లోపమే గానీ వాల్‌నట్‌కు వెచ్చదనం ఇస్తుంది. టంగ్ నీళ్లకు బాగా తట్టుకుంటుంది, ఓపిక కావాలి. కృష్ణ ఒడ్డు ఉక్కపోతకు నా ఓటు డేనిష్ ఆయిల్‌కే. అందులో నూనెతోపాటు వార్నిష్, థిన్నర్ ఉంటాయి, త్వరగా ఆరుతుంది. పాళ్లు మాత్రం కంపెనీని బట్టి మారతాయి, డబ్బా మీద రాసింది చదవండి.

120, 180, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్ది, దుమ్ము దులపాలి. అంతకంటే నున్నగా చేస్తే నూనె సరిగా ఇంకదు. మొదటి కోటు ధారాళంగా పూసి, పొడిబారిన చోట మళ్లీ పూస్తూ, 15-20 నిమిషాలయ్యాక మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. అసలు పని ఇక్కడే ఉంది. వాల్‌నట్ రంధ్రాలు తాగిన నూనెను గంటకల్లా చుక్కలుగా పైకి వదులుతాయి. అలాగే ఆరితే మెరిసే మచ్చలవుతాయి. మొదటి రెండు మూడు గంటలు వచ్చిపోతూ తుడుస్తుండాలి.

రెండో కోటు 24 గంటలకు. వానాకాలంలో 48 ఆగినా తప్పులేదు, చేతికి అంటితే ఇంకా ఆగండి. ఈసారి 400 నంబరు నీళ్ల పేపర్‌ను (తడిపి వాడే గరుకు కాగితం) నూనెలోనే తడిపి రుద్దితే, వచ్చే పిండి రంధ్రాలను కొంత పూడుస్తుంది. అలమరకు మూడు కోట్లు, టేబుల్ పైభాగానికి నాలుగైదు. జిగురుగా మిగిలిందంటే తుడవడం చాల్లేదన్నమాట. అదే నూనె కొద్దిగా పూసి మెత్తబరిచి, గట్టిగా తుడవండి. లొంగకపోతే టర్పెంటైన్.

నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. మే నెలలో మూసిన షెడ్‌లో మరీ ప్రమాదం. ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి. సగమైన డబ్బాలో నూనె గాలికి పేరుకుంటుంది, చిన్న సీసాలోకి నిండుగా వంచి మూతపెట్టండి.